కాలి కింద దిగిపోయిన బ్రేకు

మా గేటు నుంచి కోలారు ఆసుపత్రి గేటుకు ముప్పైరెండు కిలోమీటర్లు. మీటరు చూసే చెబుతున్నాను. మా ఊరి బంగారు గనులు మూతపడి ఆరేళ్లయిన ఆ సంవత్సరం, ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఉదయం ఆరు గంటలకు నేను మా ఆయన్ని కారులో అక్కడికి తీసుకుపోయేదాన్ని. ఆయన మూత్రపిండాలు రెండూ పని మానేశాయి. మిషను నాలుగు గంటలసేపు ఆయన రక్తాన్ని కడిగేది. తిరిగి ముప్పైరెండు కిలోమీటర్లు. నేను అరవై ఒకటో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నది అందుకే. అంతకుముందు ముప్పైనాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను.

ఒక శుక్రవారం బంగారుపేట దగ్గర రైలు గేటు పడింది. అక్కడ రోడ్డు కొంచెం దిగుడు. మా ముందర కోలారు మార్కెట్టుకు పోయే టమాటా టెంపో ఉంది. దాని వెనక రెండు బారల దూరంలో ఆపి, బ్రేకు మీద కాలు ఉంచుకుని కూర్చున్నాను. గట్టిగా కాదు, కారు నిలబడడానికి ఎంత కావాలో అంతే. కొంతసేపటికి పెడలు నా కాలి కింద మెల్లగా దిగడం మొదలుపెట్టింది. నేను తొక్కడం లేదు, అదే పోతోంది. కారు దొర్లింది. హ్యాండ్‌బ్రేకు లాగేలోపల టెంపోకు తగిలింది.

టెంపోవాడు దిగి వచ్చాడు. "ఏమమ్మా, టమాటాలు కావల్నంటే నోరు తెరిచి అడిగితే ఇయ్యనా? బండితో పొడిచి అడగల్నా?" అన్నాడు. అప్పుడు పక్క సీట్లో ఉన్న మా ఆయన చేతికి వేసిన పట్టీలు చూశాడు. "సార్‌కు ఒళ్లు బాగలేదా? సరే, పోండి పోండి" అని, రెండు టమాటాలు కిటికీలోంచి ఆయన ఒళ్లో పెట్టి పోయాడు.

పెడల్ని రెండుసార్లు వెంటవెంటనే కొట్టి తొక్కితే పైకి వచ్చింది. అట్లాగే కొట్టుకుంటూ, రెండో గేరు దాటకుండా కోలారు చేరాం.

ఆసుపత్రిలో ఆయన మంచం మీద పడుకుని, చేతికి రెండు సూదులు గుచ్చాక అన్నాడు.

"నీ కాల్లో సత్తువ తగ్గినట్టుండాది. ఇంగ నువ్వు నడపొద్దు."

"మరి మీరు ఎట్లా వస్తారు?"

"బస్సుండాది కదా."

"బస్సు సంగతి చూసినాం కదండీ."

నిజంగానే చూశాం. మొదటి నెలలో ఒకసారి బస్సులో తిరిగి వస్తూ ఆయన కళ్లు తిరిగి సీట్లోంచి జారిపోయాడు. బంగారుపేటలో దిగి, ఒక అంగడి మెట్ల మీద గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. డ్రైవరును పెట్టుకుందామంటే ఒప్పుకోలేదు. పరాయి మనిషి కారు నడుపుతుండగా వాంతి చేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

"అయితే వారానికి ఒకసారి వస్తే చాల్లే. అదీ కుదరకపోతే మానేద్దాం" అని కళ్లు మూసుకున్నాడు.

ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. వారానికి ఒకసారి అయితే ఎన్నాళ్లు? ఆ లెక్క నేను వేసుకున్నాను.

నాకు ఏమీ అనిపించలేదు. భయం ఉండవలసిన చోట ఏమీ లేదు. మిషను గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. నా మనసులో ఉన్నది ఒక్కటే ప్రశ్న. తప్పు నా కాలిదా, పెడలుదా? కాలిదైతే ఆయన చెప్పినట్టే మానుకోవాలి. పెడలుదైతే మంగళవారం లోపల బాగుచేయించాలి. మధ్యలో మూడు రోజులున్నాయి.

శనివారం ఉదయం ఫిట్టరును పిలిపించాను. అతను గనిలో వైండింగ్ ఇంజన్ ఫిట్టరు. మనుషుల్ని బోనులో ఎక్కించి తాడుతో కిందికి దించే పెద్ద ఇంజన్ అది. ఆ ఇంజన్ వర్క్‌షాపులోనే మా ఆయన గుమాస్తా. ప్రతి షిఫ్టుకు ఇతను బ్రేకు చూసి చెప్పడం, ఆయన పుస్తకంలో 'బ్రేకు సరిగా ఉంది' అని రాయడం, ఇరవై ఆరేళ్లు అదే పని. గని మూసేశాక అతను ఇంటి ముందర రేకులు కప్పుకుని కార్లు బాగుచేస్తున్నాడు.

అతను డ్రైవరు సీట్లో కూర్చుని, వీపు ఆనించి, ఒక్క తొక్కు తొక్కాడు. కారంతా ఊగింది. పెడలు కదలకుండా నిలబడింది.

"చూసినారా? రాయి మాదిరి ఉండాది."

"మెల్లగా తొక్కి పట్టుకుని చూడప్పా."

"అమ్మా, ఆ కాలంలో మాకు బ్రేకు ఎట్ల చూసేది నేర్పినారో తెలుసునా? ఒంట్లో ఉండే బరువంతా పెట్టి ఒక్కటే తొక్కుడు. నిలబడిందా, మంచి బ్రేకు. మెత్తగా అదిమి చూసేదానికి ఇదేమి ఇడ్లీ పిండా?"

వరండాలోంచి మా ఆయన అన్నాడు. "పుస్తకం ఉంటే రాసి పెడుదును. బ్రేకు సరిగా ఉంది."

ఇద్దరూ నవ్వారు. ఆ నెలలో ఆయన నవ్వగా విన్నది అదే.

అయినా నా మాట తీసెయ్యలేక ఫిట్టరు బ్రేకు గొట్టాల్లో గాలి చేరిందేమోనని నాలుగు చక్రాల దగ్గరా తీసి చూశాడు. నేను పెడలు తొక్కాను, అతను చక్రం వెనక చిన్న మర వదులుచేసి సన్నని గొట్టంలోంచి ఆయిలు సీసాలోకి వదిలాడు. గాలి ఉంటే బుడగలు రావాలి. నాలుగు చోట్లా ఒక్క బుడగ కూడా రాలేదు. "గాలీ లేదు, ఆయిలు కారేదీ లేదు. మీ కాలే టీచరమ్మా. వయసు కదా" అని పోయాడు. అతని మాటలో ఎగతాళి లేదు. అందుకే నేను కూడా సగం నమ్మాను.

మధ్యాహ్నం నాలుగు చక్రాల కిందా పాత పేపర్లు పరిచాను. బ్రేకు ఆయిలు డబ్బా తెల్లది, లోపలి ఆయిలు బయటికి కనిపిస్తుంది. దాని మీద పెన్సిలుతో గీత పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం చూస్తే పేపర్ల మీద మరక లేదు. ఆయిలు గీత దగ్గరే ఉంది. పెడలు పైభాగంలో, అది లోపలికి పోయే చోట, వేలు పెట్టి చూశాను. పొడిగానే ఉంది. అంటే ఆయిలు బయటికి పోవడం లేదు.

తరవాత బడి నుంచి తెచ్చుకున్న చెక్క స్కేలు పెడలు పక్కన నిలబెట్టి, కాలు మెత్తగా ఆనించి, గడియారం చూస్తూ కూర్చున్నాను. మొదట నేల నుంచి తొమ్మిది సెంటీమీటర్లు. ముప్పై సెకండ్లకు ఐదు. యాభై ఐదు సెకండ్లకు నేల. రెండుసార్లు కొట్టి తొక్కితే పదకొండుకు లేచింది, మళ్లీ అట్లాగే దిగింది. నాలుగుసార్లు చూశాను. గట్టిగా ఒక్కసారి తొక్కితే మాత్రం నిలబడింది. గాలి ఉంటే పెడలు స్పంజిలాగా తిరిగి తన్నుతుంది, ఇట్లా తీరిగ్గా దిగదు.

ఈ అంకెలన్నీ కాగితం మీద రాసి తీసుకుపోయి మా ఆయనకు చూపించాను. చదివి తిరిగి ఇచ్చాడు.

"ఇవన్నీ నీ కాలితో చూసిన లెక్కలే కదా" అన్నాడు.

కాగితం మడిచి పెట్టుకున్నాను.

సోమవారం ఫిట్టరు మళ్లీ వచ్చాడు, నేనే రమ్మన్నాను. డ్రైవరు సీట్లో కూర్చున్న అతనికి కాగితం ఇస్తుండగా మా ఆయన వరండా దిగి వచ్చాడు. "లే, నేను తొక్కి చూపిస్తాను" అన్నాడు. ఎనిమిది నెలలుగా ఆయన ఆ సీట్లో కూర్చోలేదు. తలుపు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. పంచె పైకి లాక్కున్నాడు. పాదం వాచి చెప్పులో పట్టడం లేదు, పైన తొడ మాత్రం నా ముంజేయంత ఉంది. ఫిట్టరు చేసినట్టే వీపు ఆనించి, పళ్లు బిగించి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి తొక్కాడు.

కారు ఊగలేదు. పెడలు మెల్లగా, ఆగకుండా దిగి నేలకు ఆనింది.

ఆయన కాలు తీశాడు. మళ్లీ తొక్కాడు. మళ్లీ అట్లాగే పోయింది. మూడోసారి తొక్కలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందరి గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు. గట్టిగా తొక్కితే పెడలు నిలబడుతుందని మా ముగ్గురికీ తెలుసు. ఆయన తొక్కింది గట్టిగానే అని కూడా తెలుసు.

ఫిట్టరు తల వంచుకుని పానాల సంచిలో ఏదో వెతికాడు. వెతకవలసినది ఏమీ లేదు.

"నీ కాలు కాదు" అన్నాడు మా ఆయన నాతో.

"ఇంగ మాస్టర్ సిలిండర్ విప్పేదే సార్" అన్నాడు ఫిట్టరు.

విప్పాడు. పెడలు తొక్కితే ఆయిల్ని చక్రాలకు తోసేది ఆ సిలిండరే. లోపల రబ్బరు వాషరు అంచు అరిగిపోయి ఉంది. నా అరచేతిలో పెట్టి చూపించాడు. గట్టిగా తొక్కితే ఆయిలు ఒత్తిడికి ఆ అంచు విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. మెత్తగా తొక్కితే పట్టుకోదు, ఆయిలు దాని పక్కనుంచి వెనక్కి జారిపోతుంది. బయటికి ఒక్క చుక్క రాదు. "నేను తొక్కినంత సేపూ ఇది నాకు అబద్ధం చెప్పిందమ్మా" అన్నాడు. సిలిండరు గోడకు గీతలు లేవు కాబట్టి వాషర్లు మారిస్తే సరిపోతుందన్నాడు. రాబర్ట్‌సన్‌పేటకు పోయి కొత్తవి తెచ్చి వేశాడు. మళ్లీ నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లో గాలి తీశాడు. సాయంత్రం నాలుగున్నర అయింది.

అప్పటికి మా ఆయన వరండాలో కుర్చీకి చేరాడు. ఫిట్టరు చేతులు తుడుచుకుంటూ పిలిచాడు. "సార్, రండి. కంప్లయింటు ఇచ్చినోళ్లే చూసి సరే అనల్ల. మన వర్క్‌షాపు రూలు కదా."

"కంప్లయింటు నాది కాదప్పా, ఆమెది" అన్నాడు ఆయన. "ఆమెనే తొక్కమను. మెత్తగానే తొక్కమను."

కూర్చుని కాలు ఆనించాను. నూట ఇరవై వరకు లెక్కపెట్టాను. స్కేలు మీద పదిన్నర, చివరికీ పదిన్నరే.

"నిలబడింది" అన్నాను.

వరండాలోంచి ఆయన "రేపు ఐదున్నరకే బయలుదేరదాం. గేటు పడితే ఆలస్యం అవుతాది" అన్నాడు.

నాకు అప్పుడు సంతోషం కలగవలసింది. ఫిట్టరుకు చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇచ్చాను. తరవాత లోపలికి పోయి మంగళవారానికి ఆయన దుప్పటి, టవలు, వాంతికి చిన్న గిన్నె సంచిలో సర్దాను.