మామగారికి ఆర్డరు వెయ్యడం ఎలా? పూడిమడక బోటులో ఒక ఉదయం

నవంబరు 16, ఆదివారం. సముద్రం ఇంకా కనపడనే లేదు, సముద్రం మీద వినబోయే మాట అచ్యుతాపురం జంక్షన్లో నడిరోడ్డు మీదే వినిపించింది. తెల్లవారకముందే లారీలోంచి ఇనుప గొట్టాలు దింపుతోంది ఒక క్రేన్. కింద నిలబడిన మనిషి చెయ్యి ఊపుతూ "ఆరియా, ఆరియా, ఆరియా" అని పాటలా అంటున్నాడు. గొట్టం మెల్లగా దిగుతోంది. మా షేర్ ఆటో ఆగిపోయింది. నేను సీటు అంచుకి జరిగి, అదేం మాట అని డ్రైవర్‌ని అడిగాను.

"దింపమంటన్నాడు బావా. ఆరియా అంటే ఒదులు, హబేస్ అంటే లాగు. మా అన్న పోర్టులో కళాసీ. ఇంట్లో నూతిలోకి బకెట్ దింపినా అదే మాట."

"ఏ భాషది?"

"కళాసీల బాస. నీకెందుకు, పరీచ్చలో వత్తాదా ఏటి?"

పరీక్షలో రాదు. అయినా ఫోన్‌లో రాసుకున్నాను. మాది కశింకోట పక్క పల్లె, చెరుకు పండించే ఇల్లు. అనకాపల్లిలో బీఏ తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాదే నాకు మాటల పిచ్చి పట్టుకుంది. ఎవరు ఏ పని చేస్తున్నా, ఆ పనిలో వాళ్ళు వాడే మాట తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు. మొన్న క్లాసులో విధ్యర్థకం చెబుతున్నారు. చెయ్యి, చెయ్యండి, కుడివైపు తిరుగు, కుడివైపు తిరగండి. వెనక బెంచీ నుంచి సింహాద్రి లేచి, "మా బోటులో కుడెడమలుండవు సార్" అన్నాడు. సింహాద్రిది పూడిమడక, వేటకెళ్ళే ఇల్లు. మరేముంటాయని సార్ అడిగితే "దరి, లోతు" అన్నాడు. ఒడ్డు ఉన్న పక్క దరి, సముద్రం ఉన్న పక్క లోతు. బోటు ఎటు తిరిగినా, మనిషి ఎటు తిరిగి కూర్చున్నా ఒడ్డు మాత్రం తిరగదు కదా. నాకు ఒళ్ళు పులకరించింది. ఈ ఆదివారం వస్తానన్నాను.

దారి సులువే. అనకాపల్లిలో అచ్యుతాపురం వెళ్ళే షేర్ ఆటో నాలుగున్నరకే దొరికింది, నలభై రూపాయలు. అక్కడి నుంచి పూడిమడకకి మరో ఆటో, ఇరవై. బస్సులున్నాయి గానీ అంత పెందలాడే నమ్ముకోలేం. ఆరుకి ముందే ఇసకలో చెప్పులు విప్పాను. గట్టు మీద నీలం రంగు ఫైబర్ బోట్లు వరసగా ముక్కులెత్తి ఉన్నాయి. గాలికి ఎండుచేపల వాసన, డీజిల్ వాసన కలిసి వస్తున్నాయి.

సింహాద్రి నన్ను పక్కకి లాగి సంగతి చెప్పాడు. "ఇయ్యాల సరదా కాదొరే. మా బావకి పరీచ్చ."

బావ అంటే వాళ్ళక్క పైడితల్లి మొగుడు ఎర్రాజు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేశాడు. ఇక్కడి నుంచి చాలామంది అలాగే వెళ్ళి ఏడెనిమిది నెలలకి గానీ తిరిగిరారు. ఇప్పుడు పైడితల్లికి ఆరో నెల. తన బోటు నడపడానికి అల్లుడు పనికొస్తాడని మామ పోలయ్య ఒప్పుకుంటే ఎర్రాజు ఊళ్ళోనే ఉండిపోతాడు. ఒప్పుకోకపోతే బుధవారం రైలెక్కుతాడు, బిడ్డ పుట్టేనాటికి దేశానికి ఆ చివర ఉంటాడు. నిన్న సాయంత్రం వేసిన వలని ఈ ఉదయం తీసుకురావాలి. ఇంజన్ దగ్గర ఎర్రాజు, తాడు దగ్గర పోలయ్య. పోలయ్య ఏమీ చెప్పడు, చెప్పింది చేస్తాడంతే. అదీ పరీక్ష.

పైడితల్లి టీ ఫ్లాస్కు తెచ్చింది. నన్ను చూసి "ఈ బాబెవుడు? నీళ్ళు సూత్తే వాంతులయ్యే రకంలాగున్నాడు" అంది. (అయ్యాయి కూడా, రెండుసార్లు. అది వదిలేద్దాం.)

బోటుని నలుగురం తోశాం. మోకాలి లోతుకొచ్చాక ఎక్కేశాం. కెరటాలు విరిగే చోటుకి ముందు ఎర్రాజు "కాసుకో" అన్నాడు. వచ్చేదాన్ని చూసుకుని గట్టిగా పట్టుకోమని. మూడు పెద్ద కెరటాలు బోటు కింద నుంచి వెళ్ళాయి. నాలుగోది చిన్నది. ఇంజన్ ఒక్కసారి గర్జించింది, మేం అవతల పడ్డాం. నా చొక్కా పిండితే బిందెడు నీళ్ళొచ్చేవి. అంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ లేదు.

వల దగ్గరికెళ్ళాక నా చెవులు పనిలో పడ్డాయి. సింహాద్రితో ఎర్రాజు మాటలు ఠక్కు ఠక్కున వస్తున్నాయి: "లోతేపు జరుగు. పట్టు. ఒగ్గీ." మా ఉత్తరాంధ్రలో ఒగ్గెయ్యడమంటే వదిలెయ్యడం. పాఠంలో దోసిలి ఒగ్గడమంటే చేతులు చాచడమని చదువుకున్నాను. ఒకే మాట, ఒకచోట చాచిన చెయ్యి, ఒకచోట వదిలేసిన చెయ్యి. అది తలుచుకుని నాలో నేను నవ్వుకుంటున్నాను. అంతలో ఇంకోటి గమనించాను. పోలయ్యతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎర్రాజు మాట మారిపోతోంది.

"మావా, ఆ తాడు కొంచెం... హబేస్."

పోలయ్య లాగాడు. కాసేపటికి, "ఆరియా మావా, ఆరియా."

పోలయ్య వదిలాడు గానీ, "ఏటా మాటలు? అర్దం తెలిస్తే సేపలు పారిపోతాయి" అన్నాడు. సింహాద్రి పకపకా నవ్వాడు. ఎర్రాజు నవ్వలేదు.

నేను వలలోంచి కవళ్ళ చేపలు విడదీస్తున్నట్టు నటిస్తూ మెల్లగా అడిగాను. "అన్నా, ఇతనికి ఒగ్గీ, ఆయనకి ఆరియా. ఎందుకలాగ?"

ఎర్రాజు మామ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పెద్దాయన్ని పట్టుకుని ఒగ్గీ అని ఎలాగంటాం? పిల్లనిచ్చిన మనిషి. ఒగ్గీండి మావా అనాలంటే అంతలో కెరటం ఎల్లిపోద్ది. ఆరియాకి నువ్వు లేదు, మీరు లేదు. అందుకు."

నేను చేతిలో చేప పట్టుకుని అలాగే ఉండిపోయాను. మేం క్లాసులో వారం రోజులు చదివిన విధ్యర్థకాన్ని ఈయన పక్కనించి దాటేశాడు. మర్యాద తప్పకుండా మామకి ఆర్డరెయ్యడానికి అరేబియా సముద్రం నుంచి ఒక మాట మోసుకొచ్చాడు. ఇంత తెలివైన పని నేను చూడలేదనుకున్నాను.

ఒడ్డుకి వచ్చేటప్పుడు అసలు కష్టం. కెరటాలు విరిగే చోటుకి కాస్త లోతు వైపే, బోటు వెనక నుంచి లంగరు పడేస్తారు. దాని తాడుని ఒకరు పట్టుకుని, బోటు ముందుకెళ్ళే కొద్దీ వదులుతూ ఉంటారు. తాడు బిగువుగా ఉంటే బోటు వెనక భాగం అడ్డం తిరగదు. కానీ పెద్ద కెరటం వెనక నుంచి లేపే క్షణంలో తాడు వదిలెయ్యాలి, లేకపోతే వెనక కొస పైకి లేవలేక నీళ్ళు లోపలికి దూకుతాయి. తాడు పట్టుకున్న మనిషి కళ్ళు తాడు మీదే ఉంటాయి. కెరటాన్ని చూసి చెప్పాల్సింది ఇంజన్ దగ్గరున్నవాడే.

పోలయ్య తాడు పట్టుకుని కూర్చున్నాడు. మొదటి రెండు కెరటాలు బాగానే దాటాం. గట్టు మీద పైడితల్లి నిలబడి ఉండటం కనిపిస్తోంది. మూడోది చూసి నేను బోటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఆరియా మావా!"

తాడు కదల్లేదు. ఇంజన్ మోతలో వినపడలేదో, విన్నా చేతికి ఎక్కలేదో. "ఆరియా!" మళ్ళీ అరిచాడు. బోటు వెనక భాగం బిగుసుకుపోయింది. నా నడుం దాకా చల్లటి నీళ్ళు వచ్చిపడ్డాయి. సగం చేపలు తేలాయి.

"ఒగ్గీ! ఒగ్గీరా!"

తాడు బుస్సుమని జారిపోయింది. బోటు లేచింది, వంకర్లు పోకుండా నేరుగా ఇసక మీదికి వచ్చి కూర్చుంది. ఎర్రాజు ఇంజన్ ఆపాడు. మామని 'ఒగ్గీ' అనడమే కాదు, చివర 'రా' కూడా తగిలించాడు. గట్టు మీదున్నవాళ్ళందరికీ వినపడింది. ఎర్రాజు మొహం చూస్తే బుధవారం దాకా ఆగకుండా అప్పుడే రైలెక్కేలా ఉన్నాడు.

"మావా," అన్నాడు, "నోరు జారిపోనాది. తప్పయిపోనాది. మీరు..."

పోలయ్య దిగి, లుంగీ పిండుకుని, తేలిన చేపల్ని దోసిళ్ళతో బుట్టలోకి ఎత్తుతూ మాట్లాడాడు. "పొద్దున్నుంచి సూత్తన్నాను. నాకు సెప్పాల్సొచ్చినపుడల్లా నీ నోట్లోకి గుజరాతొచ్చేత్తంది. మర్యాద సూసుకుని కెరటం ఆగుతాదేటి? నాకు నీ ఆరియా తెల్దని కాదు. తెలుసు. అయితే సెవిలో పడ్డాక మనసులో ఒకసారి తెలుగు సేసుకోవాల. ఆపాటికి నీళ్ళొచ్చేసేయి. ఒగ్గీ అన్నావ్, సెయ్యి దానంతటదే ఒగ్గేసింది."

"మరి మామని రా అంటే..." అని నసిగాడు ఎర్రాజు.

"బోటులో మామెవుడు? తాడు పట్టుకున్నోడు, అంతే." బుట్ట నెత్తికెత్తుకుని రెండడుగులు వేసి ఆగాడు. "ఆ టికెట్టు కేన్సిల్ సేయించీ."

పైడితల్లి తండ్రి నెత్తి మీంచి బుట్ట అందుకుంది. మొగుడి వైపు చూడకుండానే, "బోటులో ఏటైనా అనుకో, ఇంట్లో మాత్రం మా నాన్నని మీరనే అనాల. లేపోతే కూడుండదు" అంది. సింహాద్రి తల తిప్పుకుని ఇంజన్ మీద గోనెపట్టా కప్పే పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో కవళ్ళ పులుసు తిని ఇది రాస్తున్నాను. అండీ అనేది మర్యాదకి గుర్తనుకునేవాణ్ణి. తాడు పట్టుకున్న మనిషికి అంతకంటే పెద్ద మర్యాద ఒకటుంది, అతని చేతికి వెంటనే అందే మాట ఇవ్వడం. ఆరియా ఎంత తెలివైన మాటయినా ఎర్రాజు దాన్ని తన మొహమాటం కోసం వాడాడు, మామ చేతుల కోసం కాదు. ఒగ్గీరాలో ఆ 'రా' ఎంత మొరటో, అంత నమ్మకం కూడా. మాటలంటే ఇష్టపడే వాళ్ళు అవి పుట్టే చోటికి ఒకసారి వెళ్ళి రండి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: ముందురోజు సాయంత్రమే ఎవరి బోటు ఎక్కుతున్నారో మాట్లాడుకుని, వాళ్ళు పట్టు అంటే ఏమిటో, ఒగ్గీ అంటే ఏమిటో అడిగి తెలుసుకుని మరీ ఎక్కండి. లైఫ్ జాకెట్ మీరే తెచ్చుకోండి.

నేను ఈ రాత్రికి ఇక్కడే ఉంటున్నాను. సోమవారం మొదటి క్లాసు పోతుంది, పోనీ. రేపు తెల్లవారుజామున ఐదింటికి పోలయ్య గట్టు మీదే ఉండిపోతాడట, ఎర్రాజే బోటు తీస్తాడు. తాడు దగ్గర నేను.