డెమో సారు, పాఠం మేడమ్

మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య సాఫ్ట్‌వేర్ కంపెనీల గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. దానిలోకి దారి మా మెట్ల మీదుగానే అని ఆ చుట్టుపక్కల ప్రతి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటూ బోర్డు కట్టింది. మియాపూర్ బస్సు డిపో ఎదుట అలాంటి ఒకదాంట్లో నేను సి లాంగ్వేజ్ చెప్పేదాన్ని. నేను రాస్తే బోర్డు పైసగం ఎప్పుడూ ఖాళీయే. అక్కడికి నా చెయ్యి అందదు. నా రంగు కూడా ఇంచుమించు బోర్డుదే.

ఆదివారం ఉచిత డెమో క్లాసు, నచ్చితే ఫీజు. డెమో చెప్పడానికి వేరే సారు ఉండేవారు. ఆరడుగుల మనిషి, పచ్చటి ఛాయ, టై. సోమవారం నుంచి పాఠం నాది. రూపం ఆయనది, రూపాయి మా ఓనరుది.

"ఫీజు కట్టేది చెవులతో కాదు మేడమ్, కండ్లతో" అనేవారు మా ఓనరు, కడప పెద్దమనిషి.

ఒక సోమవారం నన్ను చూడగానే కొత్త బ్యాచి మొత్తం ఓనరు గదిలోకి వెళ్లింది. ముందు నిలబడింది డిపోలో పనిచేసే కండక్టరు.

"ఏంది సార్, చూపెట్టింది ఒకల్ని, ఇచ్చేది ఇంకొకల్నా? మా పైసలు మాకియ్యున్రి."

"బుధవారం దాకా కూర్చోండప్పా. నచ్చకుంటే వాపసు ఇస్తా" అని వాళ్లను పంపి, ఓనరు నావైపు తిరిగారు. "వాళ్లు పోతే మీరూ పోవాల్సిందే మేడమ్."

బాచుపల్లిలో బడి ఉద్యోగం మానేసి వచ్చినదాన్ని. అక్కడ నా కుర్చీలో అప్పటికే ఇంకొకరున్నారు. మంగళవారం ఎత్తుమడమల చెప్పులు వేసుకెళ్లాను. నేను రెండంగుళాలు పెరిగాను. గౌరవం అరంగుళం కూడా పెరగలేదు.

బుధవారం పాఠం మధ్యలో కరెంటు పోయింది. ఏసీ గది కదా అని కిటికీలకు నల్లకాగితం అంటించారు. పట్టపగలే కటిక చీకటి. లేస్తున్న కుర్చీల చప్పుడు వినిపించింది. ఇక పోయేదేముందని గొంతు పెంచాను.

"కండక్టరు గారూ, బస్సు మియాపూర్‌లో బయల్దేరింది. మీరేం చేస్తారు?"

"టికెట్లు కొడ్త."

"ఎప్పటిదాకా అండీ?"

"అందరికి అయ్యేదాంక."

"ఒక్కొక్కరి దగ్గరా అదే పని. అందరికీ అయితే ఆపేస్తారు. అదేనండీ లూపంటే."

చీకట్లో కండక్టరు తొడ చరుచుకున్న చప్పుడు.

"గిదేనా! పదేండ్ల సంది నేను లూపులనే తిరుగుతున్ననా?"

గది గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "మేడమ్, టికెట్ లేనోడు సీటు కింద దాక్కుంటే?" అన్నారు.

"కండక్టరు గారు వెతుకుతూనే ఉంటారు, లూపు తెగదు. నిన్న మీ ప్రోగ్రాం ఆగకుండా తిరిగింది అందుకే."

కరెంటు వచ్చింది. లేచినవాళ్లంతా ఎప్పుడు కూర్చున్నారో మరి, అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. నేనే కొంగు సర్దుకుని ఆగిపోయాను.

"ఆగిన్రేంది మేడమ్? ఇగ చెప్పున్రి" అన్నాడు కండక్టరు.

సాయంత్రం ఓనరు సొరుగు తెరిచి కూర్చున్నారు. వాపసు అడగడానికి ఒక్కరూ రాలేదు. కండక్టరు మాత్రం వచ్చాడు. "మా బామ్మర్దిని గూడ ఏసుకోన్రి సార్. గని ఈ మేడమ్ చెప్తెనే."

ఓనరు తల గోక్కున్నారు. "ఈ ఆదివారం డెమో మీరే చెప్పండి మేడమ్. లైట్లు ఆర్పేద్దామా?"

"వద్దండీ, అన్నీ వెలిగించండి. ఈ ముఖం చూశాకే ఫీజు కట్టమనండి."

ఆ ఆదివారం కుర్చీలు చాలలేదు. డెమో సారు టై భుజం మీదికి వేసుకుని, కింద టీ కొట్టు బెంచీని నెత్తికెత్తుకుని మెట్లెక్కి వచ్చారు. అంత ఎత్తు మనిషి కాబట్టి మలుపులో ఎవరి తలకూ తగల్లేదు. నేను బోర్డు కింది సగంలో రాయడం మొదలుపెట్టాను.