ఆమేన్ చెప్పని ఆదివారం

ఒక్క మాటను నోట్లోంచి బయటికి రానీయకుండా ఆపి, ఇరవై మంది గుర్రపు రౌతులను మా గుడిసె గుమ్మం నుంచి వెనక్కి పంపిన మొనగాణ్ణి నేను. అప్పటికి నాకు పాలపళ్లు కూడా పూర్తిగా ఊడలేదు. ఈ సంగతి మొన్న శనివారం సాయంత్రం నల్లగొండలో మా మేడమీది గదిలో చెప్పాను. వినడానికి మా వీధి పిల్లలు గుంపుగా కూర్చుని ఉన్నారు. వాళ్లను పోగుచేసింది మా మనవరాలు. వారమంతా బ్యాంకులో పనిచేసి, శనివారం వాళ్లకు బైబిలు పాఠం చెబుతుంది. ఆనాటి పాఠం దేవుడితో తెగిపోకుండా ఉండడం గురించి. అందుకు తన ఫోనునూ ఛార్జరు వైరునూ ముందు పెట్టుకుని, వైరు పీకేస్తే ఏమవుతుందని అడిగింది. కాసేపు బాగానే ఉంటుందనీ, ఆ తరువాత చచ్చిపోతుందనీ పిల్లలు చెప్పారు. మంచి పాఠమే, కాదనను. కానీ పక్కన కుర్చీలో ఖాళీగా కూర్చున్న ముసలివాడి నాలుక ఊరుకోదు కదా. ఇదే పాఠం మాకు కరెంటు లేని రోజుల్లో సొరతీగతో చెప్పారన్నాను. ఒక్కరూ నా వైపు తిరగలేదు. అప్పుడు రౌతులను వదిలాను. అందరూ తిరిగారు. తుపాకులున్నాయా అని ఒకడు అడిగితే ఇరవై మందికీ తలా ఒకటి పంచిపెట్టాను. అంతా అయ్యాక మనవరాలు నన్ను పక్కకు పిలిచి, ఇది రాసిపెట్టు తాతా అంది. ఒప్పుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, నోటికి దొరికినన్ని గుర్రాలు కలానికి దొరకవని.

మాది హాలియా వైపు పల్లె. ఇప్పుడు కాలువ కింద వరితో పచ్చగా కనబడే ఆ నేలలో అప్పుడు జొన్న, ఆముదం తప్ప మరో పైరు ఉండేది కాదు. నందికొండ దగ్గర ఆనకట్ట అన్న మాటే ఎవరూ వినలేదు. ఊరికి వెలుపల మా వాడ. బావుల్లోంచి నీళ్లు తోడే మోటలకు తోలు సంచులు కుట్టడం మా వాళ్ల పని. నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు చేతి మోట కుట్టు పట్టి లాగితే తోలు చిరగాలే తప్ప కుట్టు ఊడేది కాదని చెప్పుకునేవాళ్లు. (ఇది నేను పెంచిన మాట కాదు, ఊరు చెప్పిన మాట.) వాడలో సగం ఇళ్లు క్రీస్తును నమ్ముకున్నవి. మిగతా సగం కూడా జ్వరం వస్తే ప్రార్థనకు మా పెద్దమ్మ దగ్గరికే వచ్చేవి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే మిషను వాళ్ల దగ్గర చదువు నేర్చుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని మా ఇంటికే వచ్చి ఉండిపోయింది. వాడలో చదవడం వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే కాబట్టి అందరికీ పంతులమ్మ అయింది. మనిషి సన్నగా, గొంతు మాత్రం డప్పులా ఉండేది. ఆదివారం మధ్యాహ్నం వాడ పిల్లల్ని మా గుడిసెలో ఈతచాప మీద కూర్చోబెట్టేది. ఒక ఆదివారం ఆమె ప్రభువు ద్రాక్షచెట్టనీ మనం దాని తీగలమనీ చెప్పబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయింది. ద్రాక్షపండు మాలో ఎవరూ చూడలేదు. నిజానికి ఆమె కూడా చూడలేదు. లేచి మమ్మల్ని బయటికి తీసుకెళ్లి, మా ఇంటి కప్పు మీదికి పాకిన సొరపాదులోంచి ఒక తీగ కోసి, ఆ పాదు పక్కనే, పచ్చగా ఉన్న తీగల మధ్యలోనే కట్టింది. మళ్లీ ఆదివారానికి చూడండి అంది.

నాకు పెద్దమ్మను ఒక్కసారైనా ఓడించాలని ఉండేది. అప్పటి నుంచి ప్రతిరోజూ ఎవరూ చూడకుండా ముంతతో నీళ్లు తెచ్చి ఆ తెగిన తీగ మొదట్లో పోశాను. చివరికి దాని కొసను నీళ్ల ముంతలోనే పెట్టాను. అది రెండు రోజులు నన్ను మోసం చేసి, మూడో రోజు తల వాల్చేసింది. ఆదివారం పెద్దమ్మ వడలిన తీగను చేతిలోకి తీసుకుని, కింద తడిసిన మట్టిని చూసి, నా వైపు చూసింది. "నీళ్లు పోస్తె ఏమైతది కొడకా, పాదుకు అతికి లేకపాయె," అంది. ఇక పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు నుంచి మా ప్రార్థన పద్ధతి మారింది. చాప మీద గుండ్రంగా కూర్చుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలి. దానికి తీగ కట్టడం అని పేరు. ఆమేన్ అనేదాకా కళ్లు తెరవకూడదు, చెయ్యి వదలకూడదు. వదిలినవాడు తెగిన తీగ. వాడికి గుగ్గిళ్లు ఉండవు. ఆమేన్ అనగానే అందరం లేచి చాప చుట్టి గోడకు ఆనించాలి. అప్పుడు మూలనున్న కుండలోంచి ఉలవ గుగ్గిళ్లు దోసిట్లోకి వచ్చేవి. చిక్కల్లా పెద్దమ్మ ప్రార్థనతోనే. అది వాడలో ప్రతి గుడిసె తలుపూ తట్టేది, ఈనబోయే బర్రెను పలకరించేది, వాన అడిగేది, పట్నంలోని నవాబుగారి ఆరోగ్యం కూడా కనుక్కునేది. నా కనిపెట్టుడు ఏమిటంటే, ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన చోట ఠక్కున ఆమేన్ అనడం. నేనంటే అందరూ అనేవాళ్లు. అందరూ అన్నాక లేచి చాప చుట్టేసేవాళ్లు. పాపం పెద్దమ్మ సగం వాడను దేవుడికి అప్పగించకుండానే గుగ్గిళ్ల కుండ దగ్గరికి నడిచేది.

ఇంతలో వాడ మీద మబ్బు కమ్మింది. గడిలో దొరకు మా వాళ్లు వెట్టి చేయాలి. పండగ లేదు, జబ్బు లేదు, పిలిస్తే పోవాలి. ఆదివారం మాత్రం రాబోమని బాపు గడిలోనే చెప్పి వచ్చాడు. బాపును చూసి వాడ మొత్తం ఆగిపోయింది. ఆయనను పట్టుకురమ్మని దొర చెప్పాడని తెలిసింది. అంతకుముందు ఏడాది అట్లా తీసుకుపోయిన ఒకాయన గడి నుంచి మంచం మీద తిరిగొచ్చాడు. ఇక ఆయన సూది పట్టలేదు. బాపును తీసుకుపోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మంచం మా గుడిసెకు నాలుగిళ్ల అవతలే ఉండేది.

వాళ్లు రావడం ఆదివారమే వచ్చారు. అమ్మ పొరుగూరు పోయింది. మేము అప్పుడే చాప పరుస్తున్నాం. పక్కింటావిడ తలుపులో తల పెట్టి, గడి మనుషులు వాగు దాటిండ్రని చెప్పి వెళ్లిపోయింది. జొన్న కోసేసిన కాలం, చుట్టూ చేలు బోడిగా ఉన్నాయి. పరిగెత్తే మనిషి మైలు దూరం నుంచి కనబడతాడు. బాపు అటూ ఇటూ చూసి ఇంట్లోని పాతర మీది బండ జరిపాడు. పాతర అంటే జొన్నలు దాచుకోవడానికి నేలలో తవ్విన గొయ్యి. మూతి మనిషి దూరేంత, లోపల కాగులా వెడల్పు. గింజలు అయిపోయి అది ఖాళీగా ఉంది. కానీ పాతరలో గాలి మంచిది కాదు. ముందు దీపం దించి, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. దీపం వెలిగించే తీరిక ఎవరికుంది? బాపు దిగాడు. పెద్దమ్మ బండ జరపబోతుంటే మా అక్క ఒక కుండపెంకు తెచ్చి బండ కింద పెట్టింది, కొంచెం సందు ఉండాలని. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. బండ మీద చాప, చాప మీద మేము. "తీగ కట్టుండ్రి బిడ్డా," అంది పెద్దమ్మ. ఆ తరువాత నా ఒక్కడి ముఖంలోకే వంగి, "ఇయ్యాల ఆమేన్ నేనన్నదాక అనకు," అంది.

అంతే, నా మీద ఎంత బరువు పడిందో చూడండి. నేను అలవాటు కొద్దీ ఆ మాట అంటే చాలు, పిల్లలు లేస్తారు, చాప చుడతారు, బండ బయటపడుతుంది. బాపు ప్రాణం నా నాలుక చివర ఉంది.

గుర్రం అడుగుల చప్పుడు వాకిట్లో ఆగింది. ఇరవై అన్నాను కదా. నిజం చెప్పాలంటే ఒకటే గుర్రం. దాని మీద గడి జమేదారు, వెనక నడిచొచ్చిన ఇద్దరు మనుషులు. తుపాకి కూడా ఒకటే, అది పేలుతుందో లేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. అయినా ఒక్క గుర్రం చాలు గుండె ఆగడానికి. ఆ జమేదారు ఐదు పూటలా నమాజు చేసే పెద్దమనిషి. గుమ్మంలోకి వచ్చి, లోపల ప్రార్థన జరుగుతుండడం చూసి, వెనకవాళ్లను చేత్తో ఆపాడు. "దువా అయ్యేదాక ఆగుండ్రి. అందాక లంద కాడ చూడుండ్రి పోయి," అన్నాడు. తోళ్లు నానబెట్టే లంద గోళాల వైపు వాళ్లు పోయారు. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక లోపలికి వస్తాడన్నమాట. అంటే ప్రార్థన అవకూడదు. కానీ కింద గాలి ఎంతసేపు ఉంటుందో ఎవరికి తెలుసు? సాగదీస్తే బాపు లోపల పోతాడు, ఆపేస్తే బయట పోతాడు.

పెద్దమ్మ వాడంతా తిరిగింది. గుడిసెలు అయిపోయాయి. బర్రెలు, మేకలు అయిపోయాయి. పక్క ఊళ్లలోకి పోయింది. చివరికి గడిలోకే పోయి, "ప్రభువా, దొరగారి గుర్రాలకు ఏ రోగమూ రానియ్యకు తండ్రీ," అంది. జమేదారు పిల్లల్ని కూడా ఒక్కొక్కరినే పేరు పెట్టి దీవించమంది. ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా నా నోట్లో ఆ మాట లేచి కూర్చునేది. పళ్లు బిగించి దాన్ని మింగేవాణ్ణి. మేడమీద పిల్లలకు కళ్లు ఓరగా తెరిచి జమేదారును కొరకొరా చూశానని చెప్పాను. అది అబద్ధం, కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాను.

అప్పుడు చాప కింద నుంచి ఒక దగ్గు వినబడింది. చిన్నదే, లోతైనది. పెద్దమ్మ గొంతు ఆగిపోయింది. వెంటనే అక్క దగ్గింది. పొడిగా, గట్టిగా, ఆగకుండా. పక్కవాడూ అందుకున్నాడు. పిల్లల గుంపులో దగ్గూ ఆవలింతా అంటుకోకుండా ఉంటాయా? చాపంతా దగ్గింది, కానీ ఒక్క చెయ్యీ విడలేదు. గుమ్మంలో మనిషి చాలాసేపు చాపనే చూశాడని అంటారు. "పిల్లలకు దగ్గు బాగున్నది పంతులమ్మా. జర మిరియాల కషాయం పొయ్యి," అన్నాడు. లంద వైపు పోయినవాళ్లను కేకేసి, ఈడ లేడు పదుండ్రి అన్నాడు. గుర్రం చప్పుడు దూరమయింది. ఆయనకు తెలుసా తెలియదా అన్నది బాపు బతికినన్నాళ్లూ మా ఇంట్లో తెగని తగువు.

పెద్దమ్మ ఆమేన్ అనలేదు. మమ్మల్ని పక్కకు తోసి చాప లాగింది. బాపును పైకి లాగేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. ముఖం మీద నీళ్లు కొట్టి, గుండెలు రుద్ది, పేరు పెట్టి పిలిచి పిలిచి ఆమె గొంతు పోయింది. అంతసేపటికి ఆయన ఒక్క ఊపిరి తీశాడు. చీకటి పడగానే కృష్ణ వైపు వెళ్లిపోయి, నవాబు రాజ్యం పోయాకే తిరిగి వచ్చాడు. ఆనాటి ప్రార్థనకు ఆమేన్ చెప్పడం మరిచిపోయావని ఎన్నో ఏళ్ల తరువాత పెద్దమ్మతో అంటే, మరువలేదనీ, అది ఇంకా నడుస్తూనే ఉన్నదనీ నవ్వింది.

రాసినదంతా నిన్న అక్కకు చదివి వినిపించాను. చూపు తగ్గింది, చెవులు మాత్రం పాముచెవులు. అరుగు మీద కూర్చుని వక్క నములుతూ చివరిదాకా వింది. గుర్రాలను ఒకటికి దించినందుకు మెచ్చుకుంటుందనుకున్నాను. ఇన్నేళ్లు గడిచినా ఆ మధ్యాహ్నం నా కళ్ల ముందే ఉందక్కా, ఆ మాటను పళ్ల కింద అదిమిన నొప్పి ఇప్పటికీ దవడలో ఉందన్నాను.

అక్క వక్క ఉమ్మేసింది.

"ఏం దవడరా? నువ్వు నిద్రవోయినవ్. పెద్దమ్మ ఇంక మన వాడ కూడ దాటలే, నీ తలకాయ నా బుజం మీద వడ్డది. గా దువా ముచ్చట, గా గుర్రాల ముచ్చట, గా దగ్గు, అన్నీ నేను చెప్తె విన్నయే నీకు. ఇంకోటి, ఒక్క చెయ్యి గూడ ఇడ్వలేదని రాసినవ్ సూడు, అది కొట్టెయ్. నీ చెయ్యి ఎప్పుడో జారింది. నేనే ఇడ్వలే."