ఉత్తర్వు ఎవరిచ్చారు?

పొద్దున్న ఎనిమిదింటికి సుబ్రహ్మణ్యేశ్వరరావు మేష్టారు స్కూటరు దిగేసరికి కాలువగట్టు మీద అప్పటికే నాలుగు ఇళ్లు నేలమట్టమయ్యాయి. పొక్లెయిన్ అయిదో ఇంటి మీదికి తిరుగుతోంది. దాని చుట్టూ పాతికమంది మగవాళ్లు, కొందరి చేతుల్లో గునపాలు, కొందరి చేతుల్లో ఇనపరాడ్లు. ఆడవాళ్లు గిన్నెలూ మంచాలూ రోడ్డు మీదికి మోసుకొస్తుంటే వాటిని కూడా తన్ని కాలువలో పడేస్తున్నారు. సత్యదుర్గ అనే ఆవిడ బియ్యం డబ్బా వదలనంటే ఒకడు జుట్టు పట్టుకుని ఈడ్చాడు. డబ్బా మూత ఊడి బియ్యం బురదలో కలిసిపోయాయి.

మేష్టారు శాసనమండలి సభ్యుడై అప్పటికి రెండేళ్లు. మామిడికుదురు దగ్గర హైస్కూల్లో ముప్పై మూడేళ్లు సోషల్ చెప్పి రిటైరైతే, టీచర్లు నిలబెట్టి గెలిపించి పంపించారు. గట్టు మీద సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్లే. ఆ పొద్దున్న ఫోను చేసింది సత్యదుర్గ మొగుడు వీరన్న. కొబ్బరి దింపు తీసే మనిషి. గవర్నమెంటువాళ్లమని ఎవరో వచ్చారనీ, కాగితం అడిగితే కొడుతున్నారనీ చెబుతుండగానే ఫోను తెగిపోయింది.

మేష్టారు నేరుగా వెళ్లి యంత్రానికి ఎదురుగా నిలబడ్డారు. కూల్చమన్న ఉత్తర్వు చూపించమన్నారు. హరిబాబు ముందుకొచ్చాడు. గట్టు వెనకాల ఎనభై ఎకరాల రొయ్యల చెరువులున్న మురళీమోహన్ దగ్గర మేనేజరు అతను. ఆ చెరువుల్లోకి లారీలు రావాలంటే ఈ గట్టు మీదుగానే రావాలి. కాగితం ఆఫీసులో ఉందనీ, పెద్దవారు ఎండలో నిలబడొద్దనీ ఎంతో మర్యాదగా చెప్పాడు.

ఆ మాటల మధ్యలోనే వీరన్న, లోపల పక్షవాతంతో మంచం పట్టిన తల్లి ఉందని అరుస్తూ ఇంట్లోకి పరిగెత్తాడు. పొక్లెయిన్ డ్రైవరు చెయ్యి ఆపి హరిబాబు వైపు చూశాడు.

"కానియ్," అన్నాడు హరిబాబు.

తల్లిని వీరన్న పెరటి గుమ్మంలోంచి అవతలికి తోసేయగలిగాడు. తను బయటపడలేకపోయాడు. గోడ మొత్తం ఒక్కసారిగా అతని మీద పడింది. మేష్టారు మోకాళ్ల మీద కూలబడి ఇటుకలు లాగుతుంటే ఎవడో వెనకనించి రాడ్డుతో ఎడమ చెవి మీద కొట్టాడు. లోపల ఏదో పగిలినట్టయింది. మట్టిలో మొహం పెట్టి పడిపోయినా స్పృహ పోలేదు. అడుగు దూరంలో ఇటుకల సందులోంచి వీరన్న చెయ్యి కనిపిస్తోంది. వేళ్లు రెండుసార్లు ముడుచుకుని తెరుచుకున్నాయి. తరవాత తెరుచుకోలేదు. వెనకాల యంత్రం ఆరో ఇంటి మీదికి వెళుతోంది.

అమలాపురం ఆసుపత్రిలో పదకొండు కుట్లు పడ్డాయి. ఎడమ చెవి ఇక వినపడదన్నారు. పోలీసు కాగితంలో మాత్రం పాతబడిన గోడ కూలి వీరన్న ప్రమాదవశాత్తూ మరణించాడని రాశారు. కూల్చివేత సర్కారుదేనని హరిబాబు చెప్పాడు, కాదని ఎవరూ అనలేదు. మేష్టారి వాంగ్మూలం రాసుకున్నారు కానీ, దెబ్బ తిన్న మనిషి ఏం విన్నాడో ఏం చూశాడో అన్నట్టు పక్కన పెట్టేశారు.

నాలుగోరోజున సత్యదుర్గ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఏడవలేదు.

"మేష్టారండీ, మా ఆయన్ని గోడ చంపలేదండి. మీరూ విన్నారు కదండి."

"ఆయ్, విన్నానమ్మా."

"మరి ఆ మాట ఎక్కడ చెబితే రాసుకుంటారో అక్కడ చెప్పండి."

ఆవిడ వెళ్లిపోయాక ఆయనకి కోపం ముంచుకొచ్చింది. హరిబాబుని అదే ఇటుకల కింద పెట్టి తొక్కాలన్నంత. అరవై రెండేళ్ల బతుకులో పిల్లల మీద బెత్తం కూడా ఎత్తని తనలో ఇంత ఉందా అని ఆయనే తెల్లబోయారు.

నిజానికి మండలిలో ఆయనకి పెద్ద పేరేం లేదు. వెనక వరసలో కూర్చునేవారు. లేచినప్పుడల్లా ఇళ్ల గురించే. లంకల్లో పునాది ఎంత ఎత్తు కట్టాలి, ఒంటరి ఆడదానికి పట్టా ఆవిడ పేరునే ఎందుకివ్వరు, మరుగుదొడ్డికి తలుపు లేకుండా బిల్లు ఎలా పాస్ చేస్తారు, ఇలాంటివి. తోటి సభ్యులు 'గృహప్రవేశం మేష్టారు' అని నవ్వుకునేవారు. ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు వరద గోదావరి వాళ్ల లంకని కోసేస్తూ వచ్చి, అన్నం తింటున్న కుటుంబం కళ్లెదుటే వంటిల్లు ఊడబెరుక్కుపోయింది. చెల్లెల్నీ తీసుకుపోయింది. ఆ తరవాత మూడేళ్లు వాళ్లు బడి వరండాలో ఉన్నారు. ఆ సంగతి సభలో ఎన్నడూ చెప్పలేదు. పునాది ఎత్తు గురించి మాత్రం ప్రతి సమావేశంలోనూ అడిగేవారు.

తరవాతి మండలి సమావేశాలకి ఆయన ఒకటే ప్రశ్న పంపించారు. ఫలానా తేదీన ఫలానా గట్టు మీద ఇళ్లు కూల్చమని ఉత్తర్వు ఇచ్చింది ఎవరు, దాని నంబరేమిటి.

ప్రశ్న సంగతి ఎలా పొక్కిందో మూడోరోజుకల్లా హరిబాబు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. మేష్టారి భార్య సత్యనారాయణమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. అతను ఆవిడకి నమస్కారం పెట్టి, మేష్టారికి ఒక చెవి ఎటూ పోయింది కదా, రెండోదైనా కాపాడుకోమని చెప్పండి అత్తయ్యగారూ అన్నాడు. ఆవిడ పెట్టె అందుకుని అతని కళ్లముందే మురిక్కాలవలో పడేసి తలుపు వేసుకుంది. లోపలికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వెనక్కి తీసుకోమని మొగుణ్ణి బతిమాలింది.

వారం తిరక్కుండా, పట్టపగలు, కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద వెనకనించి వచ్చిన వ్యాను స్కూటరుని గుద్దింది. కింద పడ్డ మేష్టారిని నలుగురు తోటలోకి ఈడ్చుకెళ్లారు. ఒకడు ఛాతీ మీద కూర్చున్నాడు. ఇంకొకడు కుడిచేతిని కొబ్బరి మొద్దు మీద పెట్టి, రాసే చెయ్యి ఇదేగా అని అడిగి, గునపం మొనతో ఒక్కొక్క వేలూ విరక్కొట్టాడు. మూడో వేలి దగ్గర ఆయన కేకలు పెట్టడం మానేశారు. అటుగా పశువుల్ని తోలుకొస్తున్న ఇస్సాకు అనే ముసలాయన గొడ్డలి ఎత్తుకుని పరిగెత్తుకు రాకపోతే ప్రాణాలు కూడా తీసేవాళ్లే. ఇస్సాకు దెబ్బకి ఒకడి భుజం చీలింది. రక్తం కారుతూనే పారిపోయారు.

పద్దెనిమిది రోజుల తరవాత, మోచేతి దాకా కట్టుతో, మేష్టారు సభలో లేచి నిలబడ్డారు. కాగితం పట్టుకోలేక పక్క సభ్యుణ్ణి పట్టుకోమన్నారు. కుడి చెవి సభాపతి వైపు తిప్పుకున్నారు. మంత్రి లిఖితపూర్వక సమాధానం ఇస్తామన్నారు. మేష్టారు ఒప్పుకోలేదు. ఎవరో కూర్చోమని అరిచారు. ఆయనకి అది వినపడలేదు.

"అధ్యక్షా, గట్టు మీద ఇల్లు ఇల్లు కాదంటున్నారు. దానికి కరెంటు మీటరు మీరే ఇచ్చారు. రేషను కార్డు మీద ఆ ఇంటి నంబరే వేశారు. ఓటు అడగడానికి ఆ గుమ్మంలోకే వెళ్లారు, మీరంతా. ఆ ఇంట్లోనే ఒక మనిషిని చంపేశారు. నేను అడుగు దూరంలో ఉన్నాను. ఉత్తర్వు ఎవరిచ్చారో ఒక్క పేరు చెప్పండి, కూర్చుంటాను."

మంత్రి వెనక్కి తిరిగి అధికారులు అందించిన చీటీ చూశారు. మళ్లీ చూశారు. ఎవరి పేరు చెప్పినా ఆ హత్య ఆ మనిషి మెడకి చుట్టుకుంటుందని ఆ చీటీ రాసినవాళ్లకి తెలుసు.

"అటువంటి ఉత్తర్వు ఏదీ జారీ కాలేదు, అధ్యక్షా," అన్నారు.

మేష్టారికి కావలసింది ఆ మాటే. సర్కారు కూల్చలేదంటే కూల్చినవాళ్లు దోపిడీగాళ్లు. గోడ ప్రమాదం కాదు. సభ రికార్డులోని ఆ పుటకి నకలు తీయించి, సత్యదుర్గతో పోలీసుస్టేషన్లో ఇప్పించారు, కోర్టులోనూ వేయించారు. నెల్లాళ్లకి కేసు హత్య కేసుగా మారింది.

అరెస్టులకి ముందురోజు హరిబాబూ అతని మనుషులూ మళ్లీ గట్టు మీదికి వచ్చారు. టార్పాలిన్ల కింద ఉంటున్న ఆడవాళ్లు ఈసారి సామాను సర్దుకోలేదు. సత్యదుర్గ, టార్పాలిన్ తాడు కోస్తున్నవాడి ముంజేతిని ఈనెలు తీసే కత్తితో ఎముక కనిపించేలా నరికింది. మిగతావాళ్లు రాళ్లతో తరిమారు. హరిబాబు కాలువలో పడి ఈదుతుంటే రాళ్లు పడుతూనే ఉన్నాయి. ఆ తరవాత ఎవరూ రాలేదు. సత్యదుర్గ మీద కూడా కేసు పెట్టారు. ఇరవై రెండు రోజులు జైల్లో ఉంది. మేష్టారు జామీను ఇప్పించి తీసుకొస్తూ కత్తి పట్టుకోకుండా ఉండాల్సిందమ్మా అనబోయి, తన చేతి వంక చూసుకుని ఊరుకున్నారు.

విచారణ మూడేళ్లు నడిచింది. అమలాపురం కోర్టులో డిఫెన్సు లాయరు, చెవి వినపడని సాక్షి 'కానియ్' అన్న మాట ఎలా విన్నాడని అడిగాడు. అప్పటికి రెండు చెవులూ ఉన్నాయండి, ఆ మాట విన్నాకే ఒకటి పోయింది అన్నారు మేష్టారు. హరిబాబుకి యావజ్జీవం పడింది. వేళ్లు విరిచినవాళ్లలో ఇద్దరికి ఏడేళ్లు. మురళీమోహన్ ఆ ఉదయం హైదరాబాదులో ఉన్నాడని రుజువై బయటపడ్డాడు. అతని లారీలు ఇప్పుడు వేరే దారిన వెళుతున్నాయి.

గట్టు వాళ్లకి ముమ్మిడివరం వైపు మెరక భూమిలో ఇరవై ఏడు ఇళ్లు వచ్చాయి. పట్టాలన్నీ ఆడవాళ్ల పేర్ల మీదే. పునాదులు నాలుగడుగులు. అప్పటికి మేష్టారి పదవీకాలం అయిపోయింది. రెండోసారి నిలబడి ఓడిపోయారు. వంకరపోయిన వేళ్లతో అక్షరాలు కుదరక ఎడంచేత్తో రాయడం నేర్చుకుంటున్నారు.

మొన్న మొదటి వానకి సత్యదుర్గ వచ్చి అరుగు మీద కూర్చుంది. శ్లాబు కారుతోందండి, అత్తగారి మంచం మీదే పడుతోందండి అని చెప్పింది. మేష్టారు కళ్లజోడు పెట్టుకుని, ఎవరు కట్టారో, ఎవరు బిల్లు పాస్ చేశారో పేర్లు చెప్పమన్నారు. పిల్లాడి రాతలా పెద్దపెద్ద అక్షరాలతో అర్జీ మొదలుపెట్టారు.