సందు లెక్కకు అందని పిల్ల

వాట్‌గంజ్‌లో మా తెలుగువాళ్ల సందులో ఏటేటా ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు అని ఇంటింటికీ తిరిగి రాసుకోవడం నా ఉద్యోగం. ఆ ఏడాది పుట్టుకల్లోంచి చావులు తీసేస్తే లెక్క సున్నాకి కిందకు పోయింది. ముసలివాళ్లు పోతున్నారు, పిల్లలు పుట్టడం లేదు. మా సందు ఖాళీ అయిపోతోందని బెంగ పట్టుకుంది. అన్నం సయించక ఇంట్లో అమ్మ మీద విసుక్కున్నాను.

ఆదివారం పొద్దున్న హౌరా స్టేషన్ నుంచి వచ్చిన టాక్సీలోంచి ఎదురింటి కోడలు నెలల పిల్లతో దిగింది. అత్తగారు గుమ్మంలో దిష్టి తీస్తోంది.

"పిల్ల ఎక్కడ పుట్టింది పిన్నీ?" అని అడిగాను.

"అదేటి అడగడం? కన్నోరింట్లోనే, సికాకులంలో. మన సందులో ఏ కోడలు ఇక్కడ కన్నాది?"

చావులు ఇక్కడ, పుట్టుకలు అక్కడ. నా తీసివేత ఇంకెలా వస్తుంది? పిల్లని ఎత్తుకుంటే నా చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. గుండె తేలికైంది.

మధ్యాహ్నం మారు అన్నం అడిగాను. అమ్మ వడ్డిస్తూ సంగతంతా విని అంది:

"నిన్నూ ఐదోనెల్లో అలాగే రైల్లో తెచ్చాను గదే. మర్సిపోనావేటి?"