ఆఫీసరుగారికి పెట్టిన భోజనం

నన్ను స్కూలు కమిటీలో వేసింది నా తెలివితేటలు చూసి కాదు. పిల్లల తల్లి ఒకరు ఉండాలని పైనుంచి కాగితం వచ్చిందట. ప్రెసిడెంటుగారు మా ఆయన్ని అడిగితే, అంబాజీపేట లారీలకు కొబ్బరికాయ ఎత్తించే పనిలో ఊపిరాడని ఆ మనిషి, మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంది కదండీ అన్నాడట. ఖాళీగా ఉన్నానట! ఆ వారమంతా ఆయనకు పచ్చడి మెతుకులే పెట్టాను. కమిటీకి మాత్రం వెళ్ళాను. ఎందుకంటే అక్కడ హెడ్డుటీచరు కుర్చీలో కూర్చునేది ఆవిడ.

ఆవిడా నేనూ ఒకే పేటలో పుట్టాం. ఒకే చాప మీద కూర్చుని అయిదో తరగతి దాకా చదివాం. లెక్కలు నాకే బాగా వచ్చేవి. ఇది నా గొప్ప కాదు, అప్పటి పంతులుగారే అనేవారు. అయిదయ్యాక ఏటి అవతల మిషను హాస్టల్లో ఇద్దరికీ సీటొచ్చింది. రేకుపెట్టెలు పట్టుకుని ఇద్దరం రేవుకు వెళ్ళాం. వెనకాలే మా నాన్న వచ్చి, ఏరు దాటిన ఆడపిల్ల ఇంక మాట వినదని నా పెట్టె తీసేసుకున్నాడు. ఆవిడ పడవెక్కింది. నేను గట్టు మీద ఉండిపోయాను.

తర్వాత ట్రైనింగు అయి, ఇస్త్రీ చీర కట్టుకుని మా ఊరి బడికే వచ్చింది. ఆదివారం చర్చిలో నా ముందు వరసలో కూర్చునేది. ఆ చీర మడతలు చూస్తూ ఉండగానే నాకు ప్రసంగం అయిపోయేది. కుళ్ళు అంటారా? కుళ్ళే. పెట్టె లాగేసుకుంటే మీకూ ఉంటుంది.

నేను కమిటీలోకి వెళ్ళేనాటికి మా బడి తాటాకు పాక. అయిదుతో సరి. మా పెద్దమ్మాయి ఆ ఏడే అయిదు పాసయింది. ఊళ్ళో ఆరో తరగతి పెట్టాలంటే గది చూపించాలి. గది లేకపోతే పిల్ల ఏరు దాటాలి. అంత పిల్లని పడవెక్కించనని మా ఆయన ఖాయంగా చెప్పేశాడు. గది రాకపోతే, నా పెట్టె ఎక్కడ ఆగిందో నా పిల్ల కూడా అక్కడే ఆగిపోతుంది. అది తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

పంచాయతీ సమితిలో డబ్బుల్లేవు. ఆ ఏడు ఒక్క గదికే ఉన్నాయనీ, మా ఊరూ అవతలి గట్టు ఊరూ అడుగుతున్నాయనీ, ఆఫీసరుగారు వచ్చి ఎవరికి ఎక్కువ అవసరమో చూసి రాస్తారనీ ఆవిడ కమిటీలో చెప్పింది. పాక చూపించి, కాఫీ ఇచ్చి పంపేద్దామంది.

"కాఫీ ఒక్కటేనా అండీ?" అన్నాను.

"చాలండి వదినగారూ. ఆయన మన లేమి చూడ్డానికి వస్తున్నారు."

బయట కనిపిస్తే 'ఏమే వదినా' అనే మనిషి, కమిటీలో నాకు 'గారు' తగిలించేది. అది వింటే నన్ను గుమ్మం బయట కూర్చోబెట్టినట్టుండేది. అర్జీ రాసేది ఆవిడ, చదివేది ఆవిడ. ఇంక ఆ ఆఫీసరుకి నేనొకదాన్ని ఉన్నానని ఎలా తెలుస్తుంది? అయినా మధ్యాహ్నం పూట వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపడం మా వైపు ఎక్కడైనా ఉందా? ఆ మాటే అడిగాను. ప్రెసిడెంటుగారు "ఆయ్, అదీ నిజమేనండీ" అన్నారు. మిగతావాళ్ళూ తలలూపారు. కమిటీలో నా మాట నెగ్గడం అదే మొదలు.

ఆఫీసరుగారు జీపులో వచ్చారు. పాక చూశారు. కప్పులోంచి ఆకాశం కనబడుతుంటే పాపం అన్నారు. ఆవిడ అర్జీ చదివింది. తర్వాత ప్రెసిడెంటుగారి వసారాలో విస్తరి వేశాం. నాటుకోడి కూర, గారెలు, ఆవ పెట్టిన పనసపొట్టు, గుత్తివంకాయ, గడ్డపెరుగు. ఊళ్ళో ఎవరింట్లో ఏది బాగుంటుందో అది వచ్చింది గానీ, పొయ్యి దగ్గర నిలబడ్డది నేను. ఇంకొక్క గారె అని ఒకరు, మా మీద ఒట్టని ఒకరు. వంట ఎవరిదని ఆయన అడిగి మరీ నన్ను పిలిపించి, పెళ్ళిళ్ళలో కూడా ఇలా తినలేదన్నారు. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నేల చూస్తోంది. ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

జీపులో కొబ్బరిబొండాలూ చక్రకేళి గెలా పెట్టించాం. ఆయన ఎక్కబోతూ ప్రెసిడెంటుగారితో అన్నారు:

"ఇంత కలిగిన ఊరికి ఓ గది లెక్కా అండీ? అవతల గట్టోళ్ళు నాకు మంచినీళ్ళివ్వడానికి గ్లాసు కోసం వెతుక్కున్నారు పాపం. ఈ ఏటికి వాళ్ళకి రాసేస్తానండి. మీరెక్కడైనా నీడ చూపించుకోండి, క్లాసు మటుకు ఇప్పిస్తాను."

జీపు వెళ్ళిపోయింది, మా గెలతో సహా.

నన్నెవరూ ఏమీ అనలేదు. వచ్చిన మనిషికి పెట్టడం తప్పని మా ఊళ్ళో ఎవరంటారు? ఆవిడ కూడా అనలేదు. అని ఉంటే నాలుగూ దులిపేసి ఊరుకునేదాన్ని. సాయంత్రం నేను అంట్లు తోముతుంటే దొడ్లోకి వచ్చింది.

"ఏమే వదినా, మా వసారా ఉంది కదే. ఆరో క్లాసు అక్కడ పెడతాను. పిల్లని ఆపకు."

మంచి మాటే. ఒళ్ళు మండిపోయింది. గదైతే ఊరిది అయ్యేది. వసారా ఆవిడది.

పిల్లని పంపాను. ఇంక చూడండి, మా ఇంట్లో పొద్దస్తమానం ఆవిడ ఊసే. జడ ఇలా కాదు, టీచరుగారు అలా వేస్తారు. గ్లాసు అలా పట్టుకోకూడదు, టీచరుగారు చెప్పేరు. ఒకరోజు నా పప్పు తింటూ, టీచరుగారింట్లో వెల్లుల్లి ఎక్కువ వేస్తారమ్మా అంది. ఆఫీసరు మెచ్చిన చెయ్యి నాది! పిల్ల రాత కూడా ఆవిడ రాతలాగే కుడివైపుకి వాలింది.

ఆ వసారాలోనే ఏడు కూడా పాసయ్యాక అదే మిషను హాస్టల్లో సీటొచ్చింది. నేను ఎన్నాళ్ళు బతిమాలినా పడవ మాట ఎత్తనివ్వని మా ఆయన, ఆవిడ వచ్చి ఒక్కసారి అడిగేసరికి, మీరు చెప్పేక ఇంకేముందండీ టీచరుగారూ అని ఒప్పేసుకున్నాడు. పనయింది, సంతోషమే. ఆ రాత్రి మాత్రం ఆయనతో మాట్లాడలేదు.

రేవుకు పెట్టె నేనే మోశాను, ఎవరికీ ఇవ్వలేదు. సాగనంపడానికి ఆవిడా వచ్చింది. పిల్ల పడవెక్కి, నేను చేసిన జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ కదిలింది. చెయ్యెత్తి, "టీచరుగారండీ, వెళ్ళొస్తానండీ" అని అరిచింది. నాతో కాదు.

పక్కనున్న ఆవిడ చెయ్యి ఎత్తలేదు.

"నువ్వు ఊపవే వదినా" అంది మెల్లిగా.

అక్కడా ఆవిడదే పైచెయ్యి. నాకు చెయ్యి లేవలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకోవడమే సరిపోయింది. పడవ మలుపు తిరిగేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. నా పిల్ల పడవలో ఉంది. ఈసారి ఆవిడ కూడా గట్టు మీదే ఉంది.