మరియమ్మ పెద్దమ్మ మిరపతోట

పక్కింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఘాటుకు దగ్గు తెర వచ్చింది. మా ఆవిడ కిటికీ మూయబోతే వద్దన్నాను. ఆ ఘాటు తగిలితే చాలు, కారంపూడి దగ్గర ఓ పల్లెలో, మరియమ్మ పెద్దమ్మ తోట గట్టు మీద నిలబడ్డట్టుంటుంది నాకు.

అరవైల చివర్లో, సాగర్ కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ ఊరికి గ్రామసేవకుడిగా వెళ్లాను. రైతులకు కొత్త పద్ధతులు చెప్పడం నా ఉద్యోగం. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే మరియమ్మ, భర్త పోయాక కూలికి వెళ్తూనే తనకున్న ఎకరం నల్లరేగడిలో మిరప వేసేది. ఆదివారం ప్రార్థనకు తప్ప ఆ చేను వదిలేది కాదు. వాన తేమతోనే తోట పండించేది. మొదటిసారి వెళ్లినప్పుడు నా చేత చెప్పులు విప్పించి చేలోకి దింపింది.

"పైన ఎండినట్టుంటది గానీ కడుపులో చెమ్మ చానాళ్లుంటది నాయనా. అది చూసుకోకుండా నీళ్లు పెట్టకూడదు" అంది.

నేను వినలేదు. వారం వారం తడి పెట్టమని నా దగ్గరున్న కరపత్రంలో ఉంది. అది నీళ్లు ఇట్టే ఇంకిపోయే ఎర్రనేలల కోసం రాసిందన్న ఆలోచనే నాకు రాలేదు. "కాలువ ముంగిట్లోకొచ్చాక కూడా వాన కోసం చూస్తావా పెద్దమ్మా?" అని వెంటపడ్డాను. చదువుకున్నవాణ్నని చివరికి ఒప్పుకుంది.

మొక్కలు నడుమెత్తు పెరిగి నిగనిగలాడాయి. పక్క ఊళ్ల రైతులను పిలిచి మరీ చూపించాను. ఆ తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. అప్పటికే నానిన నేల ఒక్క చుక్క తాగలేదు. ఆకులు కింది నుంచి పసుపెక్కాయి. ఆమె ఒక మొక్క పీకి, నల్లబడిన వేరు నా ముక్కు దగ్గర పెట్టింది. కుళ్లు వాసన.

"వేరుకు ఊపిరాడలేదయ్యా" అంది. సగానికి పైగా తోట పోయింది.

మిగిలిన కాయలు పండాక నన్ను పిలిపించింది. నీరెక్కని మెరక నుంచి ఒకటి, నీళ్లు నిలిచిన పల్లం నుంచి ఒకటి కోసి, కొరకమంది. పల్లపు కాయ పెద్దదే, కానీ రంగు వెలిసింది, గడ్డి నమిలినట్టుంది. మెరక కాయ చిన్నది, చిక్కటి ఎరుపు. కొరకగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండూ ఒక్క ఇత్తనమే నాయనా. ఈ చేత్తో నాటినయ్యే" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను.

ఆ వారమే మా పై అధికారి వచ్చాడు. చచ్చిన తోట చూసి, "ఇన్ని నీళ్లు ఎవరు పెట్టమన్నారు?" అని గద్దించాడు. నేను కరపత్రం మడిచి జేబులోకి తోసుకున్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని ఆమెకు తెలుసు.

"నేనే ఆశపడ్డానయ్యా. ఈ అయ్య వద్దనే చెప్పాడు" అంది.

ఆ ఏడాదంతా ఆమె పరాయి చేలలో కాయలు కోసి బతికింది. నన్ను శావల్యాపురం బదిలీ చేశారు. వెనక్కి వెళ్లి ఆ ఊరందరి ముందు నిజం చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో! ధైర్యం చిక్కి బస్సెక్కేసరికి రెండేళ్లు గడిచాయి. ఆమె పోయి అప్పటికి ఆరు నెలలట.

"అన్నా, నువ్వెప్పుడన్నా వస్తే అన్నం తినకుండా పోనియ్యొద్దని చెప్పింది అమ్మ" అంటూ ఆమె కూతురు కంచం పెట్టింది. తిని, చెప్పాలనుకున్నది చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను.

తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. కొత్త ఊళ్లో రైతులు కూడగానే ముందు ఆ తోట సంగతే చెప్పేవాణ్ని, నీళ్లు పెట్టమన్నది నేనేనని. అందరూ మంచిగానే వినేవారు. కానీ ఆ రోజు ఆమె పక్కన నిలబడి అనాల్సిన మాట అది. ఎన్ని ఊళ్లలో చెప్పినా ఇంకా నా దగ్గరే మిగిలిపోయింది.